300 కాపీలు అమ్మిన చిన్న లేబుల్ ఒకేసారి 2000 వేయిస్తే అది పెరగడమా, మునగడమా?

షెఫీల్డ్_చలి:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి. నేను షెఫీల్డ్‌లో ఉంటా, నాలుగేళ్లయింది, అకౌంట్స్ పని. మేం నలుగురం కలిసి ఉండే ఇంట్లో పక్క గది కుర్రాడు ఈ ఊరివాడే, ఒక రికార్డ్ లేబుల్ (బ్యాండ్ల పాటలు రికార్డులుగా వేయించి అమ్మే కంపెనీ) నడుపుతున్నాడు. లేబుల్ అంటే ఆఫీసు గీఫీసు ఊహించుకోకండి, మంచం కింద అట్టపెట్టెలు, వంటింటి టేబుల్ మీద ప్యాకింగ్ టేపు, శనివారం పొద్దున్నే పోస్టాఫీసు లైను, అంతే. ఇప్పటిదాకా మూడు రికార్డులు తెచ్చాడు. మొదటి రెండూ ఏదో అలా అలా పోయాయి, మూడోది మాత్రం బీబీసీ 6 మ్యూజిక్ రేడియోలో రెండుసార్లు వేశారు, దెబ్బకి 300 ఎల్పీలు (పెద్ద వినైల్ రికార్డులు) పది రోజుల్లో ఖాళీ. అప్పట్నుంచి మనిషి నేల మీద లేడు.

ఇప్పుడు ఎవరో డిస్ట్రిబ్యూటర్ ఫోన్ చేసి ఆ బ్యాండు తర్వాతి రికార్డు 2000 వేయించు, దేశమంతా షాపుల్లో మేం పెడతాం అన్నాడట. వీడి దగ్గర అంత డబ్బు లేదు, నన్ను సగం పెట్టి పార్ట్‌నర్‌గా రమ్మంటున్నాడు. నేను నసుగుతుంటే వార్ప్ అనే పేరున్న లేబుల్ కథ ఎత్తుతాడు, అది కూడా ఇదే ఊళ్లో డివిజన్ స్ట్రీట్‌లో ఒక రికార్డ్ షాపు నుంచి 1989లో 500 కాపీలతో మొదలైందట, "నువ్వు అప్పుడుంటే వాళ్ల దగ్గర కూడా ఇదే మొహం పెట్టేవాడివి" అని ఎత్తిపొడుపు.

సరే అని నేనూ కూర్చుని చదివా. చదివితే ఇంకా గందరగోళం. వార్ప్ పెరిగింది, నిజమే, కానీ అదే ఇంగ్లండ్‌లో జాయ్ డివిజన్, న్యూ ఆర్డర్, హ్యాపీ మండేస్ లాంటి బ్యాండ్లున్న ఫ్యాక్టరీ అనే లేబుల్ 1992లో దివాలా తీసింది. నేను లెక్కలు రాసేవాణ్ణి, సరుకు పోక మూతపడ్డ కంపెనీలు చూశా గానీ సరుకు పోతుంటే మూతపడడం ఏంటో మింగుడు పడట్లేదు. ఈ చిన్న లేబుల్స్ అసలు ఎలా పెరుగుతాయి, ఎక్కడ జారుతాయి, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. పాటలు బాగున్నాయా లేదా అని అడగకండి, నాకు ఆ గోల పెద్దగా తెలీదు, గోడ అవతల నుంచి వినిపిస్తే నిద్ర మాత్రం పట్టదు.


గాడిలో_సూది:

బ్రో, మీ వాడు వార్ప్ కథలో తనకి కావాల్సిన ముక్క మాత్రమే చెప్తున్నాడు. 500 కాపీలు నిజమే, ఫోర్జ్‌మాస్టర్స్ అనే గ్రూపు వాళ్ల ట్రాక్ విత్ నో నేమ్ అనే రికార్డు, అప్పట్లో నిరుద్యోగులు సొంతంగా ఏదైనా మొదలుపెడితే వారానికి 40 పౌండ్లు ఇచ్చే ప్రభుత్వ పథకం ఒకటి ఉండేది, ఎంటర్‌ప్రైజ్ అలవెన్స్ స్కీమ్ అని, దాని సాయంతో ప్రెస్ చేయించి ఎవరిదో కారు అప్పు తీసుకుని డిక్కీలో వేసుకుని షాపు షాపుకీ తిరిగి అమ్మారు. ఇంతవరకు మీ వాడు చెప్పింది కరెక్ట్. వాడు వదిలేసింది ఏంటంటే, వాళ్లకి ముందు షాపు ఉంది, లేబుల్ తర్వాత వచ్చింది. రోజూ కౌంటర్ వెనకాల నిలబడేవాడికి ఏ రికార్డు కోసం జనం మళ్లీ మళ్లీ వచ్చి అడుగుతున్నారో, ఏది మూల పడి దుమ్ము కొట్టుకుపోతోందో తెలిసిపోతుంది, అది తెలిసి 500 వేయడం వేరు, రేడియోలో రెండుసార్లు వచ్చిందని 2000 వేయడం వేరు.

ఇది వార్ప్ ఒక్కదాని సంగతి కాదు. రఫ్ ట్రేడ్ చూడు, జెఫ్ ట్రావిస్ 1976లో లండన్ లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర షాపు పెట్టాడు, లేబుల్ 1978లో. బెగర్స్ బాంకెట్ కూడా 1974లో ఎర్ల్స్ కోర్ట్‌లో షాపు, 1977లో లేబుల్, ఈ రోజు అడెల్ రికార్డులు తెచ్చిన ఎక్స్‌ఎల్, పిక్సీస్‌ని తెచ్చిన 4ఏడీ రెండూ ఆ గొడుగు కిందవే. అందరూ గల్లా పెట్టె దగ్గర్నుంచి వచ్చినవాళ్లే.

షాపు లేకుండా మొదలైనవాడు కావాలంటే మ్యూట్ లేబుల్ పెట్టిన డేనియల్ మిల్లర్. సినిమా ఎడిటింగ్‌లో అసిస్టెంట్‌గా పని చేసేవాడు, ఇంట్లో ఒక సెకండ్ హ్యాండ్ కార్గ్ సింథసైజర్ పెట్టుకుని ద నార్మల్ అనే పేరుతో ఒక్క సింగిల్ (ఒకట్రెండు పాటల చిన్న రికార్డు) చేసుకున్నాడు, 1978. ఒక్కటే వేద్దామనుకున్నాడు, లేబుల్ పెట్టే ఉద్దేశమే లేదు. టెస్ట్ ప్రెస్సింగ్ (శాంపిల్ కాపీ) పట్టుకుని రఫ్ ట్రేడ్ షాపుకి వెళ్తే వాళ్లు అక్కడే పెట్టి విని 2000 వేద్దాం, మేం పంచుతాం అన్నారు. స్లీవ్ (రికార్డు పెట్టే అట్ట కవరు) వెనకాల అమ్మగారింటి అడ్రస్ వేశాడు, ఆ అడ్రస్‌కి ముక్కూమొహం తెలియని కుర్రాళ్లు క్యాసెట్లు పంపడం మొదలుపెట్టారు, అలా లేబుల్ అయిపోయింది. రెండేళ్ల తర్వాత డెపెష్ మోడ్ అనే బ్యాండు దొరికారు, కాగితం లేదు కాంట్రాక్టు లేదు, ఖర్చులు పోను లాభం చెరి సగం అని చేతులు కలుపుకున్నారు. 1981లో మొదటి సింగిల్ బ్రిటన్ చార్టులో 57వ స్థానం, రెండోది 11, మూడోది 8. ఇక్కడ గమనించు, మొదటి సింగిలే ఆకాశానికి ఎగరలేదు, మెట్టు మెట్టుగా ఎక్కింది, ఒకదాని డబ్బు చేతికొచ్చాక ఇంకోదాని ఖర్చు. నీ ప్రశ్నకి సగం జవాబు అదే అనుకుంటా.


కాటన్_మిల్లు:

ఫ్యాక్టరీ గురించి నేను చెప్తా, మాంచెస్టర్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నా, ఇక్కడ ప్రతి పబ్బులో ఒకడు ఈ కథ చెప్తాడు, ఎవడి వెర్షన్ వాడిది.

1978లో టోనీ విల్సన్, అలన్ ఎరాస్మస్ మొదలుపెట్టారు. విల్సన్ గ్రనాడా టీవీలో యాంకర్, అంటే నెల జీతం ఉన్న మనిషి, ఇది ముఖ్యం. బ్యాండ్లతో ఒప్పందం మ్యూట్ లాంటిదే, లాభం సగం సగం, పైగా పాటల మీద హక్కులన్నీ సంగీతకారులవే, కంపెనీకి ఏమీ లేదు అని ఒక కాగితం, విల్సన్ తన రక్తంతో సంతకం పెట్టాడని అంటారు. చదవడానికి ఎంత గొప్పగా ఉంటుందో కదా. 1992లో డబ్బులైపోయి లండన్ రికార్డ్స్‌కి కంపెనీ అమ్మబోతే ఆ కాగితం బయటికొచ్చింది. కొనేవాడు కొనాల్సింది పాటలే కదా, అవి కంపెనీవి కానప్పుడు వాడు దేనికి డబ్బిస్తాడు? బేరం పోయింది, నవంబర్లో మూత.

న్యూ ఆర్డర్ వాళ్ల బ్లూ మండే సింగిల్ కథ అందరికీ తెలిసిందే, 1983, ఫ్లాపీ డిస్క్‌లా ఉండే స్లీవ్, పీటర్ సావిల్ డిజైన్, కత్తిరించిన రంధ్రాలు, ప్రత్యేకమైన రంగులు, స్లీవ్ ఖర్చు ఎక్కువై అమ్మిన ప్రతి కాపీకి కొన్ని పెన్నీలు నష్టం వచ్చిందని చెప్తారు. ఎన్ని పెన్నీలు అనేది చెప్పేవాణ్ణి బట్టి మారుతుంది. కానీ కంపెనీని ముంచింది అది కాదు అని నా అభిప్రాయం, అదొక ముద్దుగా చెప్పుకునే కథ అంతే. ముంచింది బిల్డింగులు. 1982లో హసియెండా క్లబ్బు తెరిచారు, అందులో న్యూ ఆర్డర్ రికార్డుల మీద వచ్చిన డబ్బు ఏళ్ల తరబడి పోస్తూనే ఉన్నారు. ఎనభైల చివర్లో ఆ క్లబ్బు ప్రపంచమంతా పేరు మోగిపోయి జనంతో కిటకిటలాడుతుంటే కూడా బార్‌లో డబ్బు లేదు, ఎందుకంటే వచ్చినవాళ్లు ఎక్‌స్టసీ అనే మత్తుమాత్ర వేసుకుని మంచినీళ్లు తాగి పొద్దుటిదాకా డాన్సు చేసేవాళ్లు, బీరు ఎవడిక్కావాలి. అది చాలదని 1990లో చార్ల్స్ స్ట్రీట్‌లో ఆఫీసు బిల్డింగు, ఆ వెంటనే ఇక్కడ స్థలాల ధరలు పడిపోయాయి. హ్యాపీ మండేస్‌ని ఆల్బమ్ చేయమని బార్బడోస్ పంపారు, అది ఇంకో తద్దినం. న్యూ ఆర్డర్ కొత్త ఆల్బమ్ టైముకి రాలేదు. ఖర్చులన్నీ ఈ రోజువి, ఆదాయాలన్నీ వచ్చే ఏడాదివి. నువ్వు అకౌంట్స్ అంటున్నావు కాబట్టి నీకు ఇంకేం చెప్పక్కర్లేదు.

అన్నట్టు ఫ్యాక్టరీ వాళ్లు రికార్డులకే కాదు, ప్రతిదానికీ కేటలాగ్ నంబర్ ఇచ్చేవాళ్లు. నంబర్ 1 పాట కాదు, ఒక పోస్టర్. క్లబ్బు 51. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ వీళ్ల మీద కోర్టుకెళ్తే ఆ కేసుకి 61. క్లబ్బులో ఉండే పిల్లికి 191. విల్సన్ 2007లో పోతే శవపేటికకి 501. ఇలాంటి వాళ్లని తిట్టుకోవడానికి కూడా మనసు రాదు.


నిద్రలేని_ట్రామ్:

పిల్లికి నంబర్ ఇచ్చారు కానీ కరెంటు బిల్లుకి ఇవ్వలేదన్నమాట 😂


షెఫీల్డ్_చలి:

గాడిలో_సూది గారూ, మిల్లు గారూ చాలా థాంక్స్. బిల్డింగుల సంగతి అర్థమైంది, కానీ మా వాడు బిల్డింగు కొనడు, వాడికి కుర్చీ కూడా లేదు. వాడి విషయంలో ప్రమాదం ఎక్కడుందో ఎవరైనా అంకెల్లో చెప్తారా?


అట్టపెట్టె:

నేను చెప్తానండి. లండన్‌లో ఒక చిన్న లేబుల్‌కి ఆరేళ్లు డిస్పాచ్ చూశాను, పేరు చెప్పను. మాకు జరిగింది అచ్చం మీ ఫ్రెండ్‌కి జరగబోయేదే కాబట్టి ఆగలేక రాస్తున్నా.

ఊరికే లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం, మీ అసలు కొటేషన్లు వేరే ఉండొచ్చు, వాటితో మళ్లీ వేసుకోండి. ఎల్పీ, స్లీవ్ అన్నీ కలిపి కాపీకి 5 పౌండ్లు అనుకుంటే 2000కి 10,000. ప్రెస్సింగ్ వాడు అప్పివ్వడు, డబ్బు ముందే కట్టాలి. దాని మీద వ్యాట్ 20 శాతం వేరే, మీ వాడు వ్యాట్‌కి రిజిస్టర్ కాకపోతే ఆ 2,000 వెనక్కి రాదు, కాసేపు అది పక్కన పెడదాం. పాట రాసినవాళ్లు ఎంసీపీఎస్ (వాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యులైతే షాపుకి ఇచ్చే ధరలో 8.5 శాతం వాళ్లకి, ఇక్కడే చాలామంది బోర్లా పడతారు, చిన్న లేబుల్స్ ఆ 8.5 శాతాన్ని అమ్మినవాటి మీద కాదు వేయించినవాటి మీద ముందే కట్టాలి, ఆ లైసెన్సు లేకపోతే ప్లాంటు ప్రెస్ చేయదు. షాపుకి ఇచ్చే ధర 14 పౌండ్లనుకుంటే కాపీకి 1.19, 2000కి 2,380. అంటే ఒక్క రికార్డు కూడా అమ్మకముందే 12,380 బయటికి పోయింది.

ఇక లోపలికి వచ్చేది. 14లో డిస్ట్రిబ్యూటర్ పావు వంతు ఉంచుకుంటే మీకు 10.50. 12,380ని 10.50తో భాగించండి, 1180 కాపీలు. అంటే 1180వ కాపీ పోయేదాకా మీ పెట్టుబడే వెనక్కి రాదు, ఆ తర్వాత వచ్చేదాంట్లో సగం బ్యాండ్‌ది. మొత్తం 2000 పోతే లేబుల్‌కి మిగిలేది నాలుగు వేల చిల్లర. 900 దగ్గర ఆగిపోతే దాదాపు మూడు వేలు నష్టం, ప్లస్ ఇంటి నిండా అట్టపెట్టెలు.

ఇప్పుడు మా కథ. మా లేబుల్‌కి ఒక రికార్డు బాగా పోయింది, డిస్ట్రిబ్యూటర్ రోజూ ఫోన్ చేసి ఇంకో 1000 పంపండి ఇంకో 1000 పంపండి అనేవాడు, మా బాస్ గాల్లో తేలిపోయి వేయించాడు, మళ్లీ వేయించాడు. మేం అమ్ముడుపోయాయి అనుకున్నవి నిజానికి అమ్ముడుపోలేదు, షాపుల అల్మరాల్లో ఉన్నాయి. డిస్ట్రిబ్యూటర్ మనకి డబ్బిచ్చేది 60 రోజులకో 90 రోజులకో, ఆలోపు షాపువాడు మిగిలినవి తిరిగి పంపేయొచ్చు, సేల్ ఆర్ రిటర్న్ అంటారు. తర్వాతి రికార్డుకి డబ్బు వెతుక్కుంటున్న టైములో ఒక మంగళవారం లారీ వచ్చి ఆగింది, డబ్బు తెచ్చిందేమో అనుకున్నాం, మా రికార్డులే తెచ్చింది. 740 కాపీలు, మూలలు నలిగిపోయి. అవన్నీ మళ్లీ లెక్కపెట్టింది నేనే.

షాపులోకి వెళ్లిన కాపీ, జనం ఇంటికి వెళ్లిన కాపీ ఒకటి కాదండి. మీ ఫ్రెండ్ అమ్మిన 300 జనం ఇంటికి వెళ్లినవి, డబ్బు ముందే వచ్చింది. ఆ డిస్ట్రిబ్యూటర్ అడిగే 2000 షాపులోకి వెళ్లేవి. వాడు మోసగాడని కాదు, వాడి పని అది.

ఇంకోటి, డిస్ట్రిబ్యూటర్ కూడా పడిపోవచ్చు. 1991లో రఫ్ ట్రేడ్ డిస్ట్రిబ్యూషన్ పడిపోతే వాళ్ల చేతిలో డబ్బు ఇరుక్కున్న చిన్న లేబుల్స్ ఎన్నో, చివరికి సొంత లేబుల్‌ని కూడా లాక్కుపోయింది, స్మిత్స్ బ్యాండ్‌ని తెచ్చిన లేబుల్ అది! 2008 డిసెంబర్లో పినకిల్ అనే డిస్ట్రిబ్యూటర్ పడిపోయింది, సరిగ్గా క్రిస్మస్ అమ్మకాల ముందు. 2011 ఆగస్టు 8న లండన్ అల్లర్లలో ఎన్‌ఫీల్డ్‌లో సోనీ గోడౌన్ తగలబడితే అందులో పీయాస్ అనే డిస్ట్రిబ్యూటర్ పంచే ఇండీ లేబుల్స్ (పెద్ద కంపెనీలవి కాని సొంత లేబుల్స్) స్టాకు మొత్తం బూడిద, వందకి పైగా లేబుల్స్. ఎవరైనా అమ్మిపెడతామంటే ముందు సరుకు ఇన్సూరెన్సు ఎవరిది అని అడగండి, సిగ్గుపడకండి.


గాడిలో_సూది:

అట్టపెట్టె గారు చెప్పింది వంద శాతం, కానీ డిస్ట్రిబ్యూషన్ మీద మరీ అంత కోపం వద్దులెండి. అది లేకపోతే ఇండీ అన్న మాటే లేదు. 1977 జనవరిలో బజ్‌కాక్స్ బ్యాండు వాళ్లు ఇంట్లోవాళ్ల దగ్గరా స్నేహితుల దగ్గరా 500 పౌండ్లు అప్పు చేసి స్పైరల్ స్క్రాచ్ అనే రికార్డు 1000 కాపీలు సొంతంగా వేసుకున్నారు, పెద్ద కంపెనీ అక్కర్లేదని అందరికీ ధైర్యం వచ్చింది, అదే 16,000 దాకా పోయింది. కానీ మాంచెస్టర్లో వేసింది బ్రిస్టల్లో దొరకాలంటే ఎవరో మోయాలి కదా. దానికే రఫ్ ట్రేడ్, బ్రిస్టల్లో రివాల్వర్, యార్క్‌లో రెడ్ రైనో, లివర్‌పూల్లో ప్రోబ్, నారిచ్‌లో బ్యాక్స్, ఎడిన్‌బరోలో ఫాస్ట్ ఫార్వర్డ్ ఇలా ఊరికొకరు కలిసి కార్టెల్ అని గొలుసు కట్టారు. 1980 నుంచి వచ్చిన ఇండీ చార్టు రూలు కూడా అదే, సంగీతం ఎలా ఉందన్నది కాదు, పెద్ద కంపెనీల లారీల్లో వెళ్లకపోతే చాలు. అందుకే పాప్ స్టార్ కైలీ మినోగ్ కూడా ఇండీ చార్టులో టాప్‌లో కూర్చునేది, ఆవిడ రికార్డులు మోసింది పినకిల్ కదా మరి.


వాన_శనివారం:

అందరూ పెరగాలా వద్దా అని కాకుండా ఎలా పెరగాలి అనే మాట్లాడుతున్నారు. అసలు ఎందుకు పెరగాలి? బ్రిస్టల్‌లో సారా రికార్డ్స్ అని ఉండేది, ఇద్దరే మనుషులు, క్లేర్ వాడ్, మ్యాట్ హేన్స్, 1987లో మొదలు, ఎక్కువగా 7 అంగుళాల సింగిల్సే, ఒకే పాటని మూడు రకాల స్లీవుల్లో వేసి ఫ్యాన్స్ జేబులు కొట్టడం లాంటివి వాళ్లకి పరమ అసహ్యం. 50వ నంబర్‌కి రికార్డు బదులు ఒక బోర్డ్ గేమ్ వేశారు. 1995లో 100 దగ్గరికి రాగానే బాగానే నడుస్తున్న లేబుల్‌ని ఇక చాలు అని పార్టీ చేసుకుని ఆపేశారు. ఎవరికీ బాకీ లేదు. నాకు తెలిసి అంత దర్జాగా మూసేసినవాళ్లు ఇంకొకరు లేరు.


కాటన్_మిల్లు:

దర్జా సరే గానీ అది వాళ్లకి చెల్లింది. పెరగకపోతే బ్యాండు ఆగదు కదండీ, 300 కాపీలు పోయాక బ్యాండు వాళ్లకి పెద్ద కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, చేతులు కలుపుకున్న ఒప్పందం అప్పుడు ఏమవుతుంది? డెపెష్ మోడ్ నిలబడ్డారు కాబట్టి మ్యూట్ నిలబడింది. క్రియేషన్ లేబుల్ చూడండి, అలన్ మెగీ 1983లో వెయ్యి పౌండ్ల బ్యాంకు లోనుతో మొదలుపెట్టి 1992కల్లా పీకల్లోతు అప్పుల్లో సగం సోనీకి అమ్ముకున్నాడు, మరుసటి ఏడాది గ్లాస్గోలో ఒయాసిస్ బ్యాండు తగిలారు. అదృష్టం ఒక్క ఏడాది లేటుగా వచ్చింది.


అట్టపెట్టె:

అదృష్టం లేటైనా బతికించేది పాత కేటలాగే (ఇదివరకు తెచ్చిన రికార్డులే) అండి. వార్ప్ అందుకే నిలబడింది అనుకుంటాను. 1990లో వాళ్లు తెచ్చిన ఎల్ఎఫ్ఓ అనే గ్రూపు సింగిల్ 12వ స్థానం దాకా వెళ్లింది, డాన్సు సింగిల్ ఆరు వారాల్లో పాతబడిపోతుంది, ఆ ఊపులో అలాంటివే పది వేయకుండా 1992లో ఇంట్లో కూర్చుని వినే ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల వైపు తిరిగారు. ఎఫెక్స్ ట్విన్, ఆటెకర్, తర్వాత బోర్డ్స్ ఆఫ్ కెనడా. ఆల్బమ్ పదేళ్లయినా నెలకి కొన్ని పోతూనే ఉంటుంది, ప్రతి నెలా కొత్తగా పందెం కాయక్కర్లేదు. మ్యూట్‌కి 1999లో మోబీ అనే అతని ఆల్బమ్ ప్లే కూడా అంతే, వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, అందులోని పాటలన్నీ యాడ్‌లకీ సినిమాలకీ లైసెన్సు ఇచ్చారు, ఏడాది తర్వాత బ్రిటన్‌లో నంబర్ 1. 2002లో మ్యూట్‌ని ఈఎంఐ 2.3 కోట్ల పౌండ్లకి కొన్నది అందుకే.

షెఫీల్డ్ గారూ, మీకు నా సలహా, 2000 వద్దు. బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో ప్రీఆర్డర్ పెట్టి డబ్బు ముందు తీసుకోమనండి, వాళ్లు రికార్డు మీద 10 శాతమే తీసుకుంటారు. ఎన్ని ఆర్డర్లొస్తే అన్నీ, దాని మీద ఇంకో రెండొందలు. రేడియోలో వేసినందుకు పీపీఎల్ (రేడియోల దగ్గర వసూలు చేసి లేబుల్స్‌కి పంచే సంస్థ) నుంచి కూడా డబ్బు వస్తుంది, రిజిస్టర్ చేశాడా అడగండి, చేసి ఉండడు.


షెఫీల్డ్_చలి:

అప్డేట్. పీపీఎల్‌లో చేయలేదు 🤦 నిన్న రాత్రి కూర్చోబెట్టి చేయించా. అట్టపెట్టె గారి లెక్కలో మా అసలు కొటేషన్ అంకెలు పెట్టి వాడికి చూపిస్తే 1180 బదులు 1310 వచ్చింది, కాసేపు మాట్లాడలేదు, తర్వాత టీ పెట్టుకొచ్చాడు, వీళ్ల భాషలో అది ఓడిపోయాను అని ఒప్పుకోవడం. డిస్ట్రిబ్యూటర్‌ని ఎన్ని రిటర్నులు వస్తాయి, ఎన్ని రోజులకి డబ్బు, ఇన్సూరెన్సు ఎవరిది అని మెయిల్ పెట్టించా, ఇంకా జవాబు లేదు.

ప్రీఆర్డర్ పెట్టాడు, నాలుగు రోజుల్లో 214. 500 వేద్దామని తేల్చుకున్నాం. నేను డబ్బు పెట్టట్లేదు, పుస్తకాలు మాత్రం చూస్తానన్నా. మరి జీతం సంగతేంటి అంటే డబ్బు లేదు, కేటలాగ్ నంబర్ ఇస్తా అన్నాడు. ఇప్పుడు వేస్తున్న ఆ బ్యాండు రెండో ఆల్బమ్ 004 అట, నా స్ప్రెడ్‌షీట్ 005.


కాటన్_మిల్లు:

తీసుకో తమ్ముడూ. హసియెండాలో పిల్లికి కూడా 191 దాకా నంబర్ రాలేదు.